పురపాలక సంఘపు పద్దు: కట్టుట ఒక యెత్తు, నిలుపుట ఒక యెత్తు

(ఒక పఠనమందిరమున చేసిన ఉపన్యాస పాఠము)

 

ఏటేట ఫాల్గుణమాసము సమీపించుసరికి మన పురపాలక సంఘములందు ఆయవ్యయపు పద్దుల సందడి ఆరంభమగును. అంకెలు సిద్ధమగును, అచ్చుపడిన పుస్తకములు సభ్యుల చేతికి వచ్చును, సభ కూడును. ఒక పక్షమువారు బల్లలు చరతురు. వేరొక పక్షమువారు లేచి వెలుపలికి పోదురు. మరునాటి పత్రికలో ఇన్ని కోట్ల బడ్జెట్టు ఆమోదము పొందినదని యొక శీర్షిక కనబడును. పౌరుడు దానిని చదివి పుట త్రిప్పును. అతని వీధిలోని మురుగుకాలువ మాత్రము యథాప్రకారముగా నిండి నిలిచియుండును.

ఈ దినమున మేము మీ యెదుట పెట్టదలచిన మాట ఒక్కటియే. నగరపు పద్దును పరీక్షించువాడు మొట్టమొదట 'ఈ యేడు క్రొత్తగా ఏమి కట్టెదరు?' అని కాక, 'ఇదివరకు కట్టినదానిని ఎట్లు నిలుపుచున్నారు?' అని అడుగవలెను. ఈ రెండవ ప్రశ్న మన సభలలో అరుదుగా వినబడుచున్నది. దానిని అడుగక ఉపేక్షించినచో ఏమగునో హైదరాబాదు నగరము 2000వ సంవత్సరమునను, మరల 2020వ సంవత్సరమునను చూచినది. బెజవాడ 2024వ సంవత్సరమున చూచినది. ఆ యనుభవములను తలచుకొనుటకు ముందు, అసలు ఈ పద్దుపై మనకు గల అధికారమెట్టిదో, అది ఏ మూల్యమునకు లభించినదో కొంచెము స్మరింతము.

పట్టణ పరిపాలనము మన దేశమున నిన్న మొన్న పుట్టినది కాదు. చెన్నపట్టణపు కార్పొరేషను 1688లో ఏర్పడినది. 1882లో రిప్పన్ ప్రభువు చేసిన తీర్మానము స్థానిక స్వపరిపాలనమును ప్రజలకు రాజకీయ శిక్షణముగా ఎంచినది. బెజవాడ పురపాలక సంఘము 1888లో వెలసినది. ఆ సంఘములలో చాలకాలము కలెక్టరు మాటయే వేదవాక్యముగా చెల్లుచుండెను. అయినను స్వాతంత్ర్యోద్యమ నాయకులు వానిని చిన్నచూపు చూడలేదు. 1924లో చిత్తరంజన దాసు కలకత్తాకు మేయరయ్యెను. వల్లభభాయి పటేలు 1924 మొదలు 1928 వరకు అహమ్మదాబాదు సంఘమునకు అధ్యక్షుడుగా నుండి, 1927 నాటి వరదలలో నగరమును కనిపెట్టి కాచెను. జవాహరలాలు అలహాబాదులోను, రాజేంద్రప్రసాదు పాట్నాలోను ఇట్టి పీఠములనే అలంకరించిరి. బెజవాడలో అయ్యదేవర కాళేశ్వరరావుగారు ఆ బాధ్యత వహించిరి. దేశమును ఏలదలచినవారు ముందుగా పాకీదొడ్లను, మంచినీటి గొట్టములను, వీధిదీపములను చూచుకొనుట నేర్చుకొనిరి. అది తమకు తగని పనియని వారు తలపలేదు.

మన యాంధ్రదేశమునందు ఈ విషయమున మరపురాని పాఠము చెప్పినది చీరాల-పేరాల. 1920 ప్రాంతమున ఆ గ్రామములను ప్రజలు వలదన్నను కలిపి పురపాలక సంఘముగా మార్చిరి. ఏటికి నాలుగువేల రూపాయలుగానున్న పన్ను నలుబదివేలకు పెరిగెనని చరిత్రగ్రంథములు చెప్పుచున్నవి. అచటివారు బహుభాగము నేతగాండ్రు, బీదలు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో సుమారు పదుమూడువేల జనము ఇండ్లు వాకిండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమని పేరిడిన పందిళ్లలో ఇంచుమించు పదునొకండు నెలలు ఎండకు, వానకు ఓర్చి నివసించిరి. వారు పన్నునే ద్వేషించిరని కొందరు అపోహపడుదురు. అది సరికాదు. తమ సమ్మతి లేక విధించిన పన్నును, తమకు ప్రయోజనము కానరాని పన్నును వారు నిరాకరించిరి. పన్ను కట్టువానికి పద్దు అడుగు హక్కు కలదని చాటుటకై ఒక ఊరు ఊరే కదలిపోయినది.

నేడు ఆ హక్కు రాజ్యాంగమునందే లిఖింపబడి యున్నది. 1992 నాటి డెబ్బదినాలుగవ సవరణ 1993 జూను 1వ తేదీ నుండి అమలునకు వచ్చినది. రోడ్లు, వంతెనలు, నీటి సరఫరా, పారిశుద్ధ్యము, వీధిదీపములు, శ్మశానములు మొదలుగా పదునెనిమిది విషయములను పన్నెండవ షెడ్యూలు పట్టణ సంస్థలకు తగినవిగా పేర్కొన్నది. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరములందు వార్డు కమిటీలు ఉండవలెనన్నది. అయిదేండ్ల గడువు తీరకముందే ఎన్నికలు జరుపవలెనన్నది. కాని ఆచరణమో? ఆంధ్రప్రదేశమున 2014లో ఎన్నికైన సంఘముల గడువు 2019 నడుమ ముగియగా, తరువాతి ఎన్నికలు 2021 మార్చి నెలలో గాని జరుగలేదు. నడుమ మహమ్మారి వచ్చిన మాట నిజమే. అయితే గడువు తీరుటకును మహమ్మారి వచ్చుటకును మధ్య ఎనిమిది నెలల కాలమున్నది. ఆ కాలమంతయు పద్దు వ్రాసినవారే పద్దును ఆమోదించుకొనిరి. ప్రశ్నించు నోరు సభలో లేకపోయెను. సంఘమే లేనిచోట సమీక్ష ఎక్కడిది?

ఇక సంఘమున్నచోట సమీక్ష ఎట్లు జరుగుచున్నదో చూతము. బడ్జెట్టు పుస్తకము తెరచినచో సాధారణముగా మూడు వరుసల అంకెలు కనబడును. గత సంవత్సరపు నిజమైన ఖర్చు మొదటిది; నడుచుచున్న సంవత్సరపు సవరించిన అంచనా రెండవది; రాబోవు సంవత్సరపు అంచనా మూడవది. సభలో చర్చయంతయు మూడవ వరుసపై నడచును. పత్రికలో పెద్దయక్షరములతో పడునదియు అదియే. ఆ వరుస ఆశల వరుస. అందు ఎంత పెద్ద మొత్తము వ్రాసినను ఎవరి జేబుకును చిల్లు పడదు. సర్కారు నుండి రాగల గ్రాంటులు, అమ్మదలచిన స్థలములు, వసూలు కావలసిన బకాయిలు అన్నియు అందు చేరును. ఏడాది తిరిగి ఆ యంకెలు మొదటి వరుసకు వచ్చునప్పటికి కృశించి సగమైయుండును. కావున పద్దు చదువ నేర్చినవాడు మొదటి వరుసనే ముందు చదువును. నిరుడు పూడికతీతకు ఎంత కేటాయించిరి, ఎంత ఖర్చుపెట్టిరి, ఆ ఖర్చు ఏ నెలలో జరిగినది: ఈ మూడు తెలిసినచో ఆ సంఘపు నడవడి సగము తెలిసినట్లే.

ఆ పద్దులోనే మరియొక విభాగము కలదు. రాబడి ఖాతా యొకటి, మూలధన ఖాతా యొకటి. జీతములు, కరెంటు బిల్లులు, మరమ్మతులు, చెత్త ఎత్తుట, కాలువలు తీయుట మొదటిదానిలోనివి. క్రొత్త రోడ్లు, క్రొత్త భవనములు, నీటి ట్యాంకులు రెండవదానిలోనివి. రెండవదానికి వెలుపలి ధనము వచ్చును. కేంద్రప్రభుత్వము 2005లో నెహ్రూ పేరిట పట్టణ నవీకరణ పథకమును, 2015లో అమృత్ పథకమును, స్మార్టు నగరముల పథకమును ప్రారంభించినది. ఇవి ప్రధానముగా క్రొత్త నిర్మాణములకై ఏర్పడినవి. కట్టిన పిమ్మట పంపులను నడుపుట, గొట్టములను బాగుచేయుట, మోటార్లకు కరెంటు కట్టుట పురపాలక సంఘపు పాలబడును. అనగా వచ్చిన ప్రతి క్రొత్త వరముతో కూడ ఏటేటి ఖర్చొకటి వెంటవచ్చును. ఆ ఖర్చును లెక్కింపకయే వరమును పుచ్చుకొనుట మన సంఘములకు అలవాటైనది. ఏనుగును దానము పట్టినవాడు దాని మేత సంగతి కూడ ఆలోచింపవలదా?

మరమ్మతుకు శిలాఫలకము లేదు. పూడిక తీసిన కాలువకు ప్రారంభోత్సవము జరుపుట ఎవరును చూడలేదు. గొట్టము పగులకముందే మార్చిన ఇంజనీరుకు సన్మానము చేసినవారు లేరు. పగిలిన తరువాత రాత్రింబవళ్లు నిలిచి అతికించినవానికి దండలు పడును. ప్రజాప్రతినిధి మనవంటి మనుష్యుడే. మనము దేనికి చప్పట్లు కొట్టుదుమో దానినే అతడు చేయును. కావున ఈ దోషము సభ్యులది మాత్రమే కాదు; శంకుస్థాపనలకు గుమిగూడి, లెక్కల సభకు మొగముచాటు వేయు పౌరులకును అందు భాగము కలదు.

ఇప్పుడు హైదరాబాదు సంగతి. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసినది. వేలకొలది జనము మడిసిరి. నిజాము ప్రభుత్వము మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. ఆయన వరదనీటిని ఊరికి ఎగువనే నిలువరింపవలెననెను. అంతతో ఆగక, నగరమునకు మురుగుపారుదల యేర్పాటును కూడ సూచించెను. 1920 నాటికి మూసీపై ఉస్మానుసాగరమును, 1927 నాటికి ఈసీపై హిమాయతుసాగరమును పూర్తియయ్యెను. ఆ రెండు జలాశయములు నేటికిని నిలిచియున్నవి. పెద్దపని నిలిచినది, దానికి ఆనుకొనియున్న చిన్నపనులు నిలువలేదు. చెరువు నుండి చెరువునకు నీరు కొనిపోవు నాలాలు ఇరుకైనవి; కొన్నిచోట్ల ఇండ్ల క్రింద మరుగుపడినవి; చెరువుల శిఖము భూములు ప్లాట్లుగా మారినవి.

2000 ఆగస్టు 24వ తేదీన ఒక్క దినములో ఇరువదినాలుగు సెంటీమీటర్ల వాన కురియగా నగరపు పల్లపు పేటలు నీటిపాలైనవి. పిమ్మట నాలాలను కొలిపించి నివేదిక వ్రాయించిరి. 2003 నాటి ఆ నివేదిక, నాలాలను వెడల్పు చేయవలెననియు, ఆక్రమణలు తొలగింపవలెననియు విశదముగా చెప్పినది. పిమ్మట పదునేడేండ్లు గడచినవి. 2020 అక్టోబరు 13వ తేదీన మరల కుండపోతగా కురిసినది. గగన్‌పహాడ్ వద్ద అప్పచెరువు కట్ట తెగి రాజమార్గముపై ప్రవాహము పారినది. కొలది దినములకే బాలాపురము వైపు గుర్రముచెరువునకు గండిపడినది. మనుష్యులు కొట్టుకొనిపోయిరి. 2021లో నాలాల అభివృద్ధికై వందలకోట్లతో ప్రత్యేక పథకము తలపెట్టిరి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయన్న సామెతకు ఇంతకన్న నిదర్శనము వలయునా? పదునేడేండ్ల బడ్జెట్టు సభలలో ఏడాదికొక్కరైనను ఆ నివేదికను బల్లపై పెట్టి, 'ఇందలి ఏ పని ఎంతవరకు వచ్చినది?' అని పట్టుబట్టియున్నచో ఫలితము వేరుగా నుండెడిది.

బెజవాడ సంగతి ఇంకను సమీపమైనది. ఆ నగరము నీటినడుమ పుట్టినది. ఒకవైపు కృష్ణ, నడుమ ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, వెలుపల బుడమేరు. మైలవరము వైపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు ఆ యేరు చాలదినములు ఎండి చిన్నవాగువలె కనబడును. వానకాలమున ఉగ్రరూపము దాల్చును. దాని వరదను వెలగలేరు వద్ద ఆపి, మళ్లింపు కాలువద్వారా ప్రకాశము బ్యారేజికి ఎగువన కృష్ణలోనికి పంపు ఏర్పాటు చిరకాలముగా కలదు. 2024 ఆగస్టు చివర ఎడతెగని వర్షము కురిసి బుడమేరు నిండినది. అదే సమయమున కృష్ణయు పొంగినది. సెప్టెంబరు 2వ తేదీన బ్యారేజివద్ద ప్రవాహము 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరి, బ్యారేజి కట్టిన తరువాత ఎన్నడును లేనంతటిదయ్యెను. నిండిన నది మళ్లింపు నీటిని స్వీకరింపలేదు. మళ్లింపు కాలువ కట్టకు కవులూరు సమీపమున మూడుచోట్ల గండ్లు పడినవి. అజిత్‌సింగ్‌నగరము, రాజరాజేశ్వరిపేట, పాయకాపురము, వాంబే కాలనీ మొదలగు పేటలు జలమయమైనవి. లక్షలకొలది జనము దినముల తరబడి నీటినడుమ చిక్కుకొనిరి. సైనికులు వచ్చి తోడ్పడగా సెప్టెంబరు 7వ తేదీకి గండ్లు పూడినవి.

ఇందు పురపాలక సంఘపు తప్పేమని కొందరు అడుగవచ్చును. బుడమేరు నీటిపారుదలశాఖవారిది, కట్టయు వారిదే. అది నిజము. అంతటి వానను, అంతటి నదీప్రవాహమును ఒక్కమారు ఏ సంఘమును ఆపజాలదనుటయు నిజము. కాని 2005లో కూడ ఇదే యేరు పొంగి ఇవే పేటలను ముంచినది గదా! ఆ పిదప పందొమ్మిది యేండ్లలో ఆ పల్లపు నేలలలో ఇండ్లకు అనుమతులెట్లు వచ్చినవి? రోడ్లు, కరెంటు, కుళాయిలు ఎట్లు వచ్చినవి? ఏటిదారిలో పన్నుకట్టు ఇల్లు లేచినపుడు సంఘమునకు రాబడి పెరిగినది. వరద వచ్చునపుడు ఖర్చు వేరొకశాఖ ఖాతాలోనిది. ఇంటిముంగిటి నీటికి శాఖాభేదము తెలియదు. 'ఎవరికి వారే యమునా తీరే' యన్నట్లు శాఖలు నడచినచో మునుగువాడు పౌరుడే.

మరియొక విషయము గమనింపుడు. ఆ నగరమునకే వాననీటి కాలువల నిమిత్తము కేంద్రసహాయముగా సుమారు 460 కోట్ల రూపాయల పథకమొకటి మంజూరైయుండెను. పనులు ఆరంభమై, కొంతదూరము సాగి, నడుమ నిలిచిపోయినవి. కాలువ సగము కట్టుటయనగా సగము మేలు కలుగుటయని తలపరాదు. మొదలు లేక తుది లేని కాలువ నీటిని తీసికొనిపోదు. నిలువ పెట్టును, దోమలను పెంచును. సగములో నిలిచిన పని మూలధన ఖాతాలో ఆస్తిగా కనబడుచుండును. వీధిలో అది గోయి. ఏ పద్దుసమీక్షయైనను నిలిచిపోయిన పనుల పట్టికతో ఆరంభము కావలెననుటకు ఇదియే హేతువు.

ఇక పూడికతీత యెట్లు జరుగునో అందరెరిగినదే. బడ్జెట్టు ఫిబ్రవరి మార్చి నెలలలో ఆమోదము పొందును. ఏప్రిలులో అంచనాలు, మే నెలలో టెండర్లు. కంట్రాక్టరు పోటీపడి అంచనాకన్న ఎంతో లెస్‌కు పని పట్టును. జూను వచ్చును, తొలకరి పడును, పని అప్పుడారంభమగును. తీసిన బురదను గట్టుపైననే పోయుదురు. రెండవ వానకు అది మరల కాలువలోనికి జారును. ఎం-బుక్కులో కొలతలు మాత్రము చక్కగా ఎక్కును; బిల్లు చెల్లును. వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికిని తెలియదని పెద్దలనిరి. వాన వచ్చు గడియ తెలియకపోవచ్చును గాని వాన వచ్చు నెల మన తాతముత్తాతలకును తెలియును. మే నెల ముగియులోగా పూర్తికావలసిన పనికి జనవరిలోనే టెండరు పిలుచుటకు ఏ శాస్త్రజ్ఞానమును అక్కరలేదు. సంకల్పముండినచో చాలును.

కాలువలను మాటలాడునపుడు కాలువలో దిగు మనిషిని మరచుట న్యాయము కాదు. మురుగుగోతిలో మనుష్యుని దింపుటను, తగిన రక్షణసాధనములు లేక చేయించుటను 2013 నాటి చట్టము నిషేధించినది. 2014 మార్చిలో సుప్రీముకోర్టు, ఇట్లు మరణించినవారి కుటుంబములకు పదిలక్షల రూపాయలు చెల్లింపవలెనని తీర్పుచెప్పినది. 2023 అక్టోబరులో ఆ మొత్తమును ముప్పదిలక్షలు చేసినది. కోర్టులు పరిహారము పెంచుచునే యున్నవి. అనగా మరణములు ఆగలేదన్నమాట. గోతిని శుభ్రముచేయు యంత్రము ఖరీదెంత, అట్టివి నగరమున ఎన్ని యున్నవి, ఎన్ని పనిచేయుచున్నవి, ఎన్ని షెడ్డులో తుప్పుపట్టుచున్నవి అను వివరము పద్దులో ఉండవలెను. కంట్రాక్టరు మనుష్యుని దింపినచో బాధ్యత కంట్రాక్టరుదని తప్పించుకొను సంఘము, సంఘమనిపించుకొనజాలదు.

ఆంధ్రప్రదేశమున 2023 డిసెంబరు చివర పురపాలక కార్మికులు సమ్మెచేసిరి; అది 2024 జనవరి దాక సాగినది. ఆ దినములలో పట్టణములందలి వీధిమూలలు ఎట్లుండెనో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. శిల్పారామములు మూతపడినను నగరము బ్రతుకును. ఫౌంటెనులు ఆరినను బ్రతుకును. చీపురు పట్టిన చేయి ఆగినచో పది దినములు బ్రతుకజాలదు. అట్టి చేతికి నెలజీతము సకాలమున అందుచున్నదా, కంట్రాక్టరు భవిష్యనిధి సొమ్ము కట్టుచున్నాడా, బూట్లు, చేతితొడుగులు ఇచ్చుచున్నాడా అని అడుగుట దయాధర్మము కాదు. పద్దుసమీక్షలో అది ముఖ్యాంశము.

మంచినీటి విషయమును ఇట్లే చూడవలెను. కేంద్రప్రభుత్వము 2008లో పట్టణసేవలకు కొలమానములు నిర్ణయించినది. మనిషికి దినమునకు 135 లీటర్లు చేరవలెను. లెక్కకు రాని నీరు, అనగా కారిపోవునదియు, దొంగిలింపబడునదియు, బిల్లు పడనిదియు, నూటికి ఇరువది మించరాదు. వచ్చిన ఫిర్యాదులలో నూటికి ఎనుబదియైనను సకాలమున తీరవలెను. ఇవి ఆకాశపుష్పములు కావు. కొలిచి చెప్పదగిన లక్ష్యములు. కాని కొలుచుటకు మీటరు కావలెను. పంపుచేసిన నీరెంతయో, ఇంటికి చేరినదెంతయో తెలియనపుడు, నీరు చాలదని క్రొత్త ట్యాంకు కట్టుదురు. అడుగున చిల్లుపడిన కడవకు మరియొక చేద నీరు పోసినట్లగును. కారుచున్న గొట్టమును మూయుటకు పట్టు ఖర్చు, క్రొత్తనీటిని తెచ్చుటకు పట్టు ఖర్చు రెండును ప్రక్కప్రక్కన వ్రాసి సభ్యులకు చూపినచో, నిర్ణయము దానంతటదియే తేలును.

ఇచట మాకొక ప్రతివాదము వినబడుచున్నది. 'పట్టణములు దినదినము పెరుగుచున్నవి. క్రొత్త పేటలవారికి రోడ్డు లేదు, కాలువ లేదు, కుళాయి లేదు. పాతదానినే మెరుగుపెట్టుచు కూర్చున్నచో వారి గతి ఏమి? మరమ్మతు పాతపేటలవారి స్వార్థము కాదా?' అని. ఈ ప్రశ్న న్యాయమైనది. క్రొత్తపేటల బీదలకు మొదటి కాలువ, మొదటి కుళాయి కలిగింపక తప్పదు. దానిని మేము కాదనుటలేదు. కాని మేలైన రోడ్డును త్రవ్వి మరల రోడ్డు వేయుటకును, ఉన్న విభాజకమును పగులగొట్టి క్రొత్తరాళ్లు పేర్చుటకును, కూడలికొక బొమ్మ నిలుపుటకును ధనమున్నచోటనే, శివారుపేట కాలువకు ధనము లేదని చెప్పుచున్నారు. పైగా పోషణ లేని కట్టడమువలన మొదట నష్టపడువాడు బీదవాడే. మేడవానికి మోటారున్నది, నీళ్ల ట్యాంకరున్నది. పల్లపు గుడిసెవానికి వీధికుళాయి తప్ప వేరు గతి లేదు. 2001లో ప్రారంభమైన వాల్మీకి అంబేద్కర్ గృహపథకము పేరుతో వెలసిన వాంబే కాలనీ 2024లో నీట మునుగుట తలచుకొనుడు. బీదలకు ఇల్లు కట్టియిచ్చుట పుణ్యము. ఆ యింటికి నీరు రాకుండ కాపాడనిచో ఆ పుణ్యము సగము.

రెండవ ప్రతివాదము ధనాభావమును గూర్చినది. ఆస్తిపన్ను సంఘములకు మూలాధారము. ఆంధ్రప్రదేశమున 2021-22 నుండి దానిని అద్దెవిలువపై కాక ఆస్తిమూలధన విలువపై లెక్కించు పద్ధతి వచ్చినది, ప్రజలు ఆందోళనపడిరి. ఆ యాందోళనలో చీరాల ధ్వని మాకు వినబడినది. పన్ను హెచ్చినపుడు పౌరుడు కోపపడుట ధనము పోవుటవలన మాత్రమే కాదు. దాని జాడ కానరాకపోవుటవలన. 'మీ వార్డునుండి ఇంత వచ్చినది. మీ వార్డులో ఇంత ఖర్చైనది. ఇందుకై ఇది' అని గోడమీద వ్రాసియుంచినచో పన్ను వసూలు సులభమగునని మా నమ్మకము. బకాయిపడిన పెద్దల పేర్లను, సర్కారు కచేరీల బకాయిలను సభ యెదుట చదివినచో మరియును సులభమగును.

లెక్క చూపుటవలన లోకమున జరిగిన మేలు కొంచెము కాదు. బ్రెజిలు దేశమునందలి పోర్టో అలెగ్రె నగరమువారు 1989 నుండి పెట్టుబడి పద్దులో ఏ పని ముందు, ఏది వెనుక అని పేటసభలలో ప్రజలచేతనే నిర్ణయింపజేయసాగిరి. బీదపేటలు తొలుత అడిగినవి తాగునీరు, మురుగుకాలువ, రోడ్డు. మన దేశములో పూనా నగరమువారు 2006 నుండి తమ బడ్జెట్టులో పౌరులు సూచించు చిన్నపనులకు చోటు కల్పించిరి. నడకబాట, వీధిదీపము, బస్సు ఆగు చోటు: పౌరులు కోరినవి ఇట్టివి. విగ్రహము కావలెనని పౌరుడు సామాన్యముగా కోరడు.

కావున, సోదరులారా, రాబోవు ఆయవ్యయసభకు ముందు మీ వార్డు సభ్యుని ఇంటికి నలుగురు కలిసి వెళ్లుడు. కోపముతో వెళ్లవలదు, కాగితముతో వెళ్లుడు. నిరుడు మన వార్డు కాలువలకు కేటాయించినదెంత, ఖర్చైనదెంత అని అడుగుడు. సగములో నిలిచిన పనుల పట్టిక సభలో చదివించెదరా అని అడుగుడు. ఈ యేడు పూడికతీత టెండరు ఏ తేదీన పిలిచెదరు, తీసిన బురద ఎచట పోయుదురు అని అడుగుడు. కాలువలో దిగువానికి యంత్రమున్నదా అని అడుగుడు. క్రొత్తగా కట్టదలచిన ప్రతిదానికిని పది యేండ్ల పోషణఖర్చు ప్రక్కనే వ్రాసి చూపుదురా అని అడుగుడు. ఎన్నికైన సభ్యుడు లేని కాలమున ఇవే ప్రశ్నలు కమీషనరుకు వ్రాయుడు. సమాచారహక్కు చట్టము 2005 నుండి మీ చేతిలో నున్నది. ఒకరు అడిగినచో అది విజ్ఞప్తి. వార్డంతయు అడిగినచో అది ఆజ్ఞయగును.

ఈ పఠనమందిరమున కూర్చుండి మాటలాడుచున్నాము గనుక దీని సంగతియు ఒకటి చెప్పి ముగింతుము. 1960 నాటి గ్రంథాలయముల చట్టము ననుసరించి, మనము చెల్లించు ఆస్తిపన్నులో రూపాయకు ఎనిమిదిపైసల చొప్పున గ్రంథాలయపు సెస్సు వసూలగును. ఆ సొమ్ము సంఘముది కాదు. గ్రంథాలయ సంస్థకు అప్పగింపవలసినది. అనేక పట్టణములందు అది వసూలైనను అందుటలేదని గ్రంథాలయోద్యమమువారు ఏండ్ల తరబడి మొరపెట్టుకొనుచున్నారు. పత్రిక రాని బల్ల, తలుపు ఊడిన బీరువా, వాన కురియు పైకప్పు ఆ మొరకు సాక్ష్యములు. ఇది చిన్న మొత్తమే. చిన్నమొత్తమునందు మాట నిలుపని సంఘము పెద్దమొత్తమునందు నిలుపునని ఎట్లు నమ్ముదుము? మీరు పద్దులో అడుగవలసిన మొదటి పంక్తి ఇదియే కావచ్చును.

నగరమును కట్టినవారి పేర్లు రాళ్లపై నుండును. దానిని ప్రతి ఉదయమును నిలుపువారి పేర్లు ఎచటను ఉండవు. పద్దులోనైనను వారి పనికి తగిన చోటు దొరకునట్లు చూచుట మన విధి. వానకాలము ఏటేట వచ్చును. ఈ యేడును వచ్చును. అది వచ్చునప్పటికి మన కాలువలు తెరచియుండునో, మూసియుండునో ఇప్పుడే నిర్ణయమగుచున్నది.